రేకుబస్సులో నలుగురు ప్రయాణికులు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా మ్యూజియం పెద్దసారుగారికి, నా పక్కనే కూర్చుని నా చేతిలో కాగితాలు ఎన్ని ఉన్నాయో కంగారుగా లెక్కపెడుతున్న కార్యదర్శిగారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకు, కుర్చీలు చాలక గోడలకు చేరబడి నిలబడ్డ స్నేహితులకు, తలుపు దగ్గరి కుర్చీ ఏరికోరి పట్టుకుని, విసుగొస్తే చల్లగా జారుకుందామని చూస్తున్న మా ఆయనకు, అందరికీ నమస్కారం. (నవ్వులు) నవ్వకండి. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం. ఆయన ఏ కుర్చీలో ఎందుకు కూర్చుంటారో నాకు తెలీదా?

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు నన్ను ఆకాశానికెత్తేశారు. ఒకరైతే "విరిగినవన్నీ అతికించిన చేతులు" అన్నారు. వినడానికి హాయిగానే ఉంది గానీ, అది నిజం కాదండీ. ఈ ముప్ఫై ఒక్కేళ్ళలో నేను అతికించింది బహు తక్కువ. ఎవరో ఎప్పుడో అతికించిన దాన్ని, లోపలి వస్తువుకు దెబ్బ తగలకుండా ఊడదీయడమే నా పని. పాత బొమ్మ చెయ్యి విరిగితే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు కదా, బజారులో దొరికే గట్టి జిగురు తెచ్చి పోసేస్తారు. అది వంకరగా అతుక్కుంటుంది, తెల్లగా పొంగుతుంది, పక్కనున్న రంగు మీదికి పాకుతుంది. అప్పుడు మా దగ్గరికి తెస్తారు. చేతిలో ఎప్పుడూ దూది ఉంటుందని నాకు ఇక్కడ దూదమ్మ అని పేరు పెట్టారు. ఎవరు పెట్టారో నాకు తెలుసు, వాళ్ళు ఇప్పుడు నాలుగో వరసలో తలొంచుకుని ఫోన్ చూసుకుంటున్నారు. (నవ్వులు)

అయితే ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మాటల్లో పడి దాటేస్తాను, దాటేయడం నాకు బాగా అలవాటు. ఇవాళ నేను వీడ్కోలు తీసుకోవడానికి మాత్రమే రాలేదు. ఈ మ్యూజియంలో ఒక కార్డు మీద ఒక తప్పు రాసి ఉంది. ఆ తప్పు నాది. దాని కింద పేరు మాత్రం వేరే మనిషిది. ఆయన ఇరవై ఏడేళ్ళ తర్వాత ఇవాళే ఈ భవనంలో అడుగుపెట్టారు, అదిగో, మూడో వరసలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఈ పని నేర్పిన మాస్టారు. ఆయన పేరు మీది మచ్చ తుడిచి వెళ్దామని వచ్చాను. ఈ సంగతి పెద్దసారుగారికి కూడా తెలీదు. సార్, అలా చూడకండి, మీరు అప్పటికి స్కూల్లో ఉండి ఉంటారు.

మా మరమ్మతు గది చూడనివాళ్ళ కోసం చెబుతాను. మెట్ల కింద ఉంటుంది. కిటికీ రోడ్డుకు సమానంగా ఉంటుంది గనక, నడిచే వాళ్ళ కాళ్ళు తప్ప మనుషులు కనబడరు. ముప్ఫై ఒక్కేళ్ళు చెప్పులు చూసి జనాన్ని గుర్తుపట్టాను నేను. పొడుగాటి బల్ల, దాని మీద పాత కంబళి, మెడ వంచితే కిర్రుమనే దీపం, ఒక మూల కుళాయి, ఇంకో మూల ఒక పాత ఫ్రిజ్. నేను మొదటిరోజు వెళ్ళినప్పుడు మాస్టారు తలెత్తకుండానే, "అమ్మాయ్, నీకు తొందరెక్కువా, ఓపికెక్కువా?" అని అడిగారు. ఉద్యోగం కావాలి కదా, "ఓపికేనండీ" అన్నాను. "చూద్దాం" అని ఒక గాజు పలక చేతికిచ్చారు. దాని మీద ఎండిపోయిన జిగురు చుక్క ఒకటి ఉంది. వెదురు పుల్లతో, గోరువెచ్చని సబ్బు నీళ్ళతో, గీత పడకుండా దాన్ని తీయమన్నారు. నాకు నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం చూపిస్తే, పలకను దీపానికి ఎదురుగా పట్టుకుని తిప్పి తిప్పి చూసి, ఇంకో పలక ఇచ్చారు. దాని మీద రెండు చుక్కలున్నాయి. (నవ్వులు) ఇంటికెళ్ళి ఏడ్చాను, మా ఆయన సాక్షి.

జిగురులో నానా రకాలున్నాయని మీరంతా అనుకుంటారు. ఉన్నాయి. కానీ మాస్టారి లెక్క వేరు. "ఏ జిగురు అని అడక్కు, ఎవరు పూశారు అని అడుగు" అనేవారు. కోపంగా పూసినవాళ్ళు కొంచెమే పూస్తారు, త్వరగా ఊడుతుంది. పిల్లలు పూసింది నీళ్ళకే వస్తుంది. ప్రేమగా పూసినవాళ్ళున్నారే, వాళ్ళతోనే చచ్చే చావు. మళ్ళీ ఎప్పటికీ విరక్కూడదని ట్యూబంతా పిండేస్తారు. అలాంటి వాటికి ఎన్ని తంటాలు పడాలో! కొన్నింటికి వెచ్చదనం చూపించాలి, కొన్నింటికి నూనె పట్టించి రెండు రోజులు వదిలేయాలి, కొన్నింటిని చలికి గడ్డకట్టిస్తే పెళుసెక్కి పెచ్చులుగా రాలతాయి. ఆ ఫ్రిజ్ అందుకే. ఒకసారి కాపలా అన్నయ్య మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచి, నా అన్నం డబ్బా పక్కన కళ్ళు తెరిచి చూస్తున్న బొమ్మ తలకాయను చూశాడు. కెవ్వుమని అరిచి మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి పారిపోయాడు. అన్నయ్యా, ఉన్నావా? ఉన్నాడు, చెయ్యెత్తాడు. ఇప్పటికీ ఆ ఫ్రిజ్ తెరిచే ముందు తలుపు తడతాడండీ. (నవ్వులు)

ఇంటి దగ్గరా ఇదే గొడవ. మా ఆడపడుచు ఫోన్ చేసిందంటే బాగున్నావా అని అడగదు. "వదినా, కొత్త గిన్నె మీద చీటీ ఊడి చావట్లేదే" అంటుంది. నూనె రాసి పడుకో అంటాను. "నాకు రాసుకోమంటావా, గిన్నెకా?" అంటుంది. అదండీ నా గౌరవం.

సరే, మాట దాటేస్తున్నాను, నాకు తెలుస్తోంది. అసలు సంగతికి వస్తాను.

మా గదిలో రెండే రెండు కట్టుబాట్లు. మాస్టారు పెట్టినవే, ఇప్పటికీ నడుస్తున్నాయి. ఒకటి, ఏ ద్రవమైనా సరే, నీళ్ళయినా సరే, వస్తువు మీద ఎవరికీ కనబడని చోట, అడుగునో మడత లోపలో, సూది మొనంత చోట ముందు అద్ది చూడాలి. అద్దాక ఒక పూట ఆగాలి. రంగు కదలకపోతేనే ముందుకు వెళ్ళాలి. రెండోది, ప్రతి వస్తువుకూ ఒక అట్ట కార్డు ఉంటుంది. దానికి ఏం చేశామో అందులో రాయాలి. బాగు చేసినా రాయాలి, పాడు చేసినా రాయాలి. ఎవరు చేస్తే వాళ్ళే, వాళ్ళ చేత్తోనే రాసి సంతకం పెట్టాలి. కొట్టివేతలు ఉండకూడదు.

నేను చేరిన నాలుగో ఏడు ఒక బస్సు కండక్టర్‌గారు, అప్పటికే రిటైరైపోయారు, చేతిసంచిలో తువ్వాలు చుట్టి ఒక రేకుబస్సు తెచ్చారు. జానెడు పొడుగుంటుంది. ఎర్ర రంగు. కిటికీల చోట లోపల పలచని ప్లాస్టిక్ పట్టీ, దాని మీద చేత్తో వేసిన ప్రయాణికుల ముఖాలు, పదకొండు. కళ్ళజోడు ముసలాయన, పేపరు చదివే మనిషి, నిద్రపోతున్నావిడ, నాలుగో కిటికీలో ముక్కు అద్దానికి ఆనించి బయటికి చూస్తున్న పాప. ఒక్కో ముఖం వేలిగోరంత. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొనిపెట్టిన బస్సట. "ఈ బస్సు చూసే నేను బస్సులో ఉద్యోగానికి చేరాను" అన్నారు. ఆ పట్టీ ఒక పక్క ఊడిపోతే అల్లుడుగారు ప్రేమగా జిగురు పోసి అతికించారు. పట్టీ వంకరగా కూర్చుంది, అంచంతా తెల్లటి మరక. దాన్ని తీసి సరిగా పెట్టి మ్యూజియంలోనే ఉంచుకోమన్నారు. "సాయంత్రం ఒకసారి వచ్చి చూసుకుంటాను, చూడాలనిపిస్తే రావచ్చా?" అని అడిగారు. ఏమనాలి? రండి అన్నాం.

మాస్టారు ఆ బస్సును నాకు అప్పగించారు. అంతకుముందు పెద్ద పని ఏదీ ఒంటిచేత్తో చేయలేదు నేను. వారం రోజులు సబ్బు నీళ్ళతో, పుల్లతో సగం జిగురు తీశాను. కండక్టర్‌గారు రోజూ వచ్చేవారు. స్టూలు మీద కూర్చుని చూసి వెళ్ళిపోయేవారు. ఏడో రోజు మాస్టారు మధ్యాహ్నం టీకి బయటికి వెళ్ళారు. నాకు ఆ రోజు పడిశం, ముక్కులు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. ఇవాళ కండక్టర్‌గారు వచ్చేసరికి మరక లేకుండా చూపించాలని బుద్ధి పుట్టింది. మా దగ్గర రెండు సీసాలుండేవి. ఎర్ర మూతది ఘాటు ద్రవం, లోహానికి తప్ప వాడం. గోళ్ళరంగు తుడుస్తారే, ఆ జాతి. నీలం మూతది పలచన, మెత్తటిది. నేను నీలం మూత సీసా తీశాను. దూది తడిపాను. అడుగున అద్ది చూడలేదు. పూట ఆగాలి కదా, ఆగితే సాయంత్రం అయిపోతుంది. మెత్తటిదేగా, ఏమవుతుందిలే అనుకున్నాను.

దూది అంచు మీద నుంచి లాగాను. మరక పోయింది. కళ్ళజోడు ముసలాయనా, పేపరు చదివే మనిషీ పోయారు. నిద్రపోతున్నావిడ పోయింది. ఏం జరుగుతోందో బుర్రకెక్కేలోపు చెయ్యి ఇంకా ముందుకెళ్ళింది. నాలుగు కిటికీలు. నా దూది మీద గులాబీ రంగు మరక, కిటికీలో పాప ఉండాల్సిన చోట పొగ పట్టినట్టు మసక. పై ప్రాణాలు పైనే పోయాయి నాకు.

అప్పుడే మాస్టారు వచ్చారు. గుమ్మంలో ఆగిపోయారు. లోపలికి వచ్చి నా చేతిలో దూది తీసుకున్నారు. "వెళ్ళి చేతులు కడుక్కో అమ్మాయ్" అన్నారు, అంతే. నేను కుళాయి దగ్గర నిలబడి ఏడుస్తుంటే, ఆయన నా పక్కకి వచ్చి నీలం మూత సీసాలో ఉన్నదంతా తూములో ఒంపేశారు. నా మీద కోపంతో ఒంపారనుకున్నాను. తర్వాత బల్ల దగ్గర కూర్చుని బస్సు కార్డు తీసి రాశారు. "నాలుగు ముఖాలు చెరిగిపోయాయి. తప్పు నాది." కింద ఆయన సంతకం. సాయంత్రం కండక్టర్‌గారు వస్తే ఆయనే ఎదురెళ్ళి చెప్పారు. "పాడు చేశానండీ" అన్నారు. నేను మూల నిలబడి నోరు మెదపలేదు. కండక్టర్‌గారు బస్సును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. చివరికి, "నలుగురు దిగిపోయారన్నమాట" అన్నారు. "పోనీలెండి, మిగతావాళ్ళున్నారుగా." ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. ఆయన ఇప్పుడు లేరు కూడా.

నెల తిరక్కుండా మాస్టారు ఉద్యోగం మానేశారు. స్టేషన్ ఎదురుగా గడియారాలు బాగుచేసే దుకాణంలో చేరారు. పైవాళ్ళు మందలించి పంపించేశారని గుసగుసలు వినబడ్డాయి. నేను ఎవరినీ అడగలేదు. అడిగితే నిజం చెప్పాల్సి వస్తుంది. చిన్న పిల్లాడు ఇంట్లో, మా ఆయనకు అప్పట్లో పని నిలకడగా ఉండేది కాదు, ఉద్యోగం పోతుందని భయం. భయమే, ఇంకేం కాదు. మాస్టారి కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో ఇరవై ఏడేళ్ళు కూర్చున్నాను. మాస్టారు బజార్లో ఎప్పుడైనా ఎదురయ్యేవారు. "ఎండలు మండిపోతున్నాయి" అనేవారు. "అవునండీ" అనేదాన్ని. వానాకాలమైతే వానల గురించి. అంతే, ఎవరి దారిన వాళ్ళం. నా ముఖం చూడాలంటేనే ఆయనకు కష్టంగా ఉందేమో, ఉండదా మరి, అనుకునేదాన్ని.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నాను? వచ్చే సోమవారం నుంచి పాత కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. ఎక్కించాక అట్టలు కట్టకట్టి పెట్టేస్తారు, ఇక వాటి మీద ఎవరూ ఏమీ రాయలేరు. పోయిన వారం నా చోటులోకి వచ్చిన అమ్మాయి, మంచి పిల్ల, నాకన్నా నిదానస్తురాలు, కార్డులు సర్దుతూ బస్సు కార్డు దగ్గర ఆగి, "ఎవరండీ ఈయన, ఇంత చక్కటి దాన్ని ఇలా పాడు చేశారు?" అని అడిగింది. తల కొట్టేసినట్టయింది. ఈ భవనంలో ఉన్న వస్తువుల్లో సగం ఆ మనిషి చేతుల మీదుగా బతికాయి. కానీ కొత్తగా వచ్చినవాళ్ళకు ఆయనెవరు? బస్సు పాడుచేసినాయన. నేనెవరు? దండ వేయించుకుంటున్నదాన్ని.

అందుకని, పెద్దసారూ, అందరి ముందూ చెబుతున్నాను. ఆ నాలుగు ముఖాలు చెరిపింది నేను. ముందుగా అద్ది చూడకుండా తుడిచింది నేను. మాస్టారు నన్ను కాపాడటానికి తన మీద వేసుకున్నారు. ఆ కార్డు మీద, కొట్టివేత లేకుండా, కింద ఒక వరస నా చేత్తో రాయడానికి నాకు అనుమతి కావాలి. మాస్టారూ, ఇన్నేళ్ళు నోరు మూసుకున్నందుకు నన్ను...

(మూడో వరసలో మాస్టారు లేచి నిలబడ్డారు. పక్కవారు మైకు అందించబోతే వద్దన్నారు.)

"ఆగమ్మాయ్. నిన్ను కాపాడానని నీకెవరు చెప్పారు?"

చెప్పేదేముంది మాస్టారూ, నేను చూస్తూనే ఉన్నాను కదా.

"ఏం చూశావ్, నీ మొహం! ఆ రోజు మధ్యాహ్నం నువ్వు అన్నానికి వెళ్ళినప్పుడు ఎర్ర మూత సీసా పగుళ్ళిచ్చి కారుతోంది. నీలం మూతది ఖాళీగా కనబడితే ఘాటుదంతా అందులో పోసేశాను. టీ తాగొచ్చి చీటీ అతికిద్దాంలే అని వెళ్ళాను. వచ్చేసరికి గది నిండా ఆ వాసన. నీ ముక్కు పనిచెయ్యట్లేదు, నీకేం తెలుస్తుంది? నేనేదో త్యాగం చేశానని రాయలేదమ్మాయ్. నిజమే రాశాను. తప్పు నాదే."



అంటే... ఆ సీసా అందుకు ఒంపేశారా?

"మరి? ఇంకెవరైనా ముట్టుకుంటారని. నన్నెవరూ పంపించెయ్యలేదు కూడా. నేనే మానేశాను. చీటీ లేని సీసా బల్ల మీద వదిలేసినవాడు ఇంకోళ్ళకి ఏం నేర్పుతాడు? నీకు తెలుసనుకున్నాను. తెలిసీ పెద్దవాణ్ణని నన్నేమీ అనకుండా ఊరుకున్నావనుకున్నాను. అందుకే ఈ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు."

క్షమించండి. ఒక్క నిమిషం.

ఇరవై ఏడేళ్ళండీ! ఎదురుపడ్డ ప్రతిసారీ ఎండల గురించి మాట్లాడారే, మాస్టారూ! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "సీసా మార్చింది నేనేనమ్మా" అని ఉంటే ఏం పోయేది? నాకు కోపం వస్తోంది. నిజంగా వస్తోంది. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు కొట్టకండి, నేను ఏడుస్తున్నాను. మిమ్మల్ని అనడానికి నాకు నోరెక్కడిది, నేను మాత్రం అడిగానా? మీరు నా ముఖం చూడలేక తప్పుకుపోతున్నారని నేను, నేను మీ ముఖం చూడలేక తప్పుకుపోతున్నానని మీరు! ఇద్దరం కలిసి ఒక్క టీ తాగి ఉంటే పోయేదానికి ఇన్నేళ్ళు నాశనం చేసుకున్నాం. మీ దగ్గర నేర్చుకోవలసినవి ఇంకా ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. దంతపు పని ఒక్కటి కూడా మీరు నాకు చూపించలేదు. అది పుస్తకాల్లో చూసి, తప్పులు చేస్తూ, ఒక్కదాన్నే నేర్చుకున్నాను. ప్రతి తప్పుకూ మీరు పక్కన ఉంటే ఏమనేవారో అనుకునేదాన్ని.

అయినా సరే, మాస్టారూ, సీసాలో ఏముందన్నది మీ తప్పు. అద్ది చూడకపోవడం నా తప్పు. సూది మొనంత అద్ది ఉంటే, సీసాలో విషమున్నా తెలిసిపోయేది. ఆ కట్టుబాటు పెట్టిందే అందుకు. కాబట్టి మీరు అడ్డం చెప్పినా నేను రాస్తాను. పెద్దసారుగారు తలూపుతున్నారు, అందరూ చూశారు కదా, తర్వాత మాట మార్చడానికి వీల్లేదు.

"రాయి అమ్మాయ్. కానీ నా వరస కదపకు. నీది దాని కింద రాసుకో."

అలాగేనండీ. మీ కిందే రాసుకుంటాను.

మిగతా సభ సభలాగే జరిపించండి. నేను మాత్రం ఇక మాట్లాడలేను. కార్డు మీద రాసే హక్కు ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే, నా ఉద్యోగం ఐదింటి దాకానే, ఇప్పుడు పావు తక్కువ ఐదు. ఒక్కొక్కరినీ పేరుపేరునా తలుచుకుని కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. ఆ మర్యాద తప్పుతున్నందుకు పెద్ద మనసుతో మన్నించండి. ఇన్నేళ్ళు నన్ను భరించిన మీ అందరికీ, భరించలేకపోయినా వెళ్ళిపోకుండా కూర్చున్న మా ఆయనకూ, చేతులెత్తి దండం.

మాస్టారూ, ఆ చేతికర్ర అక్కడే వదిలేయండి. నా చెయ్యి పట్టుకోండి, కిందికి వెళ్దాం. మీ కుర్చీ కిటికీ పక్కనే ఉంది.

సెలవు.